తెలంగాణలో ఇంజినీరింగ్ కాలేజీ ఎంపిక: ఫీజు గడినీ లాస్ట్ ర్యాంక్ గడినీ కలిపి చదవడం ఎలా

టీజీ ఈఏపీసెట్ (తెలంగాణ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) ఫలితాలు వచ్చిన రోజు నుంచి ఇంట్లో రెండే ప్రశ్నలు. ఈ ర్యాంకుకు ఏ కాలేజీ వస్తుంది? అక్కడ ఫీజు ఎంత? మొదటిదానికి బంధువులు, రెండోదానికి కాలేజీల నుంచి ఫోన్ చేసేవాళ్లు జవాబు చెబుతుంటారు. రెండింటికీ అసలు జవాబు ఒకే కాగితంలో ఉంది. కన్వీనర్ కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో ప్రతి విడత తర్వాత పెట్టే లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ అది.

అందులో ఒక్కో కాలేజీలోని ఒక్కో బ్రాంచికి ఒక్కో వరుస ఉంటుంది. ఎడమ నుంచి మొదలుపెడితే కాలేజీ కోడ్, పేరు, ఊరు, జిల్లా, కో-ఎడ్యుకేషనా మహిళా కాలేజీనా, ప్రైవేటుదా యూనివర్సిటీదా, పెట్టిన సంవత్సరం, బ్రాంచి. ఆ తర్వాత ఓసీ బాయ్స్, ఓసీ గర్ల్స్‌తో మొదలై బీసీ-ఏ నుంచి ఈ వరకు, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ దాకా ఒక్కో కేటగిరీలో చివరి సీటు ఏ ర్యాంకు వారికి వచ్చిందో ఆ అంకె. కుడివైపు చివర్లో ట్యూషన్ ఫీజు, అనుబంధ యూనివర్సిటీ. చాలామంది మధ్యలోని ర్యాంకు చూసి పేజీ మూసేస్తారు. కుడి చివర ఉన్న ఫీజు అంకె దాకా వెళ్లేవాళ్లు తక్కువ. వెళ్లినవాళ్లలో కూడా, అది తాము కట్టబోయే మొత్తం కాదని గుర్తించేవాళ్లు ఇంకా తక్కువ. ఈ గైడ్ అంతా ఆ రెండు గడుల గురించే.

ర్యాంకు గడిని చదవడం

పరీక్ష 160 మార్కులకు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కులు లేవు. అర్హత మార్కు 25 శాతం, అంటే 40. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కు లేదు. తెలంగాణలో ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు కాబట్టి ర్యాంకు పూర్తిగా ఎంట్రన్స్ మార్కుల మీదే. ఇంటర్‌లో గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవారికి 40 శాతం ఉంటే చాలు. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్‌లో ఇంటర్‌కు 25 శాతం వెయిటేజీ పెట్టి ర్యాంకులు ఇస్తూ వచ్చారు. అందుకే గుంటూరులో ఉన్న మేనమామ కొడుక్కి ఎనిమిది వేల ర్యాంకుకు ఏ కాలేజీ వచ్చిందన్నది హైదరాబాద్ సీటుకు ఏ మాత్రం ఆధారం కాదు. పరీక్ష వేరు, ర్యాంకు కట్టే పద్ధతి వేరు, ఫీజులు నిర్ణయించే కమిషన్ కూడా వేరు.

మార్కులను బట్టి ర్యాంకు చెప్పే పట్టికలు ఆన్‌లైన్‌లో బోలెడు. వాటిని నమ్ముకుని ఫలితాలకు ముందే కాలేజీ ఖాయం చేసుకోకండి. పరీక్ష చాలా సెషన్లలో జరుగుతుంది, సెషన్ల మధ్య తేడా సర్దడానికి నార్మలైజేషన్ చేస్తారు. పైగా అభ్యర్థుల్లో ఎక్కువమంది మధ్య మార్కుల దగ్గరే గుమిగూడి ఉంటారు. అక్కడ రెండు మూడు మార్కుల తేడాతో ర్యాంకు వేలల్లో జరుగుతుంది. పైన తొలి వెయ్యి ర్యాంకుల దగ్గర అంత ఊగిసలాట ఉండదు.

ర్యాంకు చేతికొచ్చాక చూడాల్సింది మీ సొంత గడి. బీసీ-డీ అమ్మాయి అయితే బీసీ-డీ గర్ల్స్ గడి. ఓసీ బాయ్స్ గడి ఓసీ అబ్బాయిలకు మాత్రమే అనుకుంటారు కొందరు, అది సరికాదు. ఓపెన్ సీట్లకు అన్ని కులాలవారూ పోటీ పడతారు, అక్కడ రానప్పుడే తమ కేటగిరీ సీటు చూస్తారు. అమ్మాయిలకు ప్రతి కేటగిరీలో మూడో వంతు సీట్లు ఉన్నాయి, మిగతా జనరల్ సీట్లకూ వాళ్లు పోటీలో ఉంటారు. కాబట్టి గర్ల్స్ గడిలో చివరి ర్యాంకు బాయ్స్ కంటే కాస్త దూరంగా ఉండడం మామూలే. దానికి తోడు షేక్‌పేటలోని జి.నారాయణమ్మ, బాచుపల్లిలోని బీవీఆర్‌ఐటీ మహిళా కాలేజీ, అబిడ్స్‌లోని స్టాన్లీ లాంటివి అమ్మాయిలకు అదనపు అవకాశాలు. ఇవి వదిలేసి కో-ఎడ్ కాలేజీలే రాసుకుంటే ఒకే ర్యాంకుకు దక్కగలిగిన మంచి బ్రాంచి చేజారుతుంది.

ఒక్క ఏడాది స్టేట్‌మెంట్ సరిపోదు. 2024లో ఇంజినీరింగ్ విభాగంలో సుమారు 1.80 లక్షల మంది అర్హత సాధిస్తే, 2025లో సుమారు 1.51 లక్షల మందే సాధించారు. 15,000 ర్యాంకు 2024లో అర్హుల్లో పై 8.3 శాతంలో ఉన్నట్టు, 2025లో పై 9.9 శాతంలో ఉన్నట్టు. అంకె ఒక్కటే, స్థానం వేరు. మరోవైపు కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) సీట్లు ఏటా పెరుగుతున్నాయి. 180 సీట్లున్న బ్రాంచి 360 అయితే ఆ కాలేజీ చివరి ర్యాంకు దానంతటదే వెనక్కి జరుగుతుంది, కాలేజీ చెడిపోయిందని కాదు. అందుకే గత రెండేళ్ల స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టుకుని, ఈ ఏడాది ఆ బ్రాంచికి ఎన్ని సీట్లకు అనుమతి ఉందో కూడా చూడాలి. మా లెక్కలో గత ఏడాది చివరి ర్యాంకుకు అటూ ఇటూ 20 శాతం వరకు జరుగుబాటు ఉంచుకోవడం క్షేమం. నిరుడు 12,000 దగ్గర ఆగిన సీటును 14,000 ర్యాంకువారు ధైర్యంగా రాసుకోవచ్చు, 10,500 వారు మాత్రం అది వచ్చేసినట్టేనని నిశ్చింతగా ఉండకూడదు.

పాత స్టేట్‌మెంట్లతో ఎస్సీ విద్యార్థులకు ఒక చిక్కుంది. 2025లో వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 15 శాతం రిజర్వేషన్ గ్రూప్-1కు 1, గ్రూప్-2కు 9, గ్రూప్-3కి 5 శాతంగా విడిపోయింది. అంతకుముందు ఏళ్లలో ఎస్సీ అని ఒకే గడి ఉండేది. దాన్ని ఇప్పటి గ్రూపుతో పోల్చితే అంచనా తప్పుతుంది. వీరికి 2025 నుంచి వచ్చిన అంకెలే లెక్క. అలాగే స్థానికులకే పరిమితం కాని 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్ల నిబంధనలు కూడా 2025లో మారాయి. విభజన చట్టంలోని పదేళ్ల గడువు తీరడంతో ఆంధ్రప్రదేశ్ స్థానికులకు ఇదివరకటి దారి మూసుకుంది. పై ర్యాంకుల్లో ఇదీ కొంత తేడా తెస్తుంది.

ఇంకొక మాట. లాస్ట్ ర్యాంకు డిమాండ్‌ను చూపిస్తుంది. గచ్చిబౌలికి దగ్గరగా ఉన్న కాలేజీకి, పేరు పాతదైన కాలేజీకి డిమాండ్ ఎక్కువ. పాఠం ఎలా చెబుతారు, ల్యాబులో ఎన్ని యంత్రాలు పనిచేస్తున్నాయి అన్నది ఆ అంకెలో ఉండదు.

ఫీజు గడిని చదవడం

తెలంగాణలో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల ఫీజును అడ్మిషన్లు, ఫీజుల నియంత్రణ కమిటీ మూడేళ్లకోసారి సిఫారసు చేస్తే ప్రభుత్వం జీవో ఇస్తుంది. 2022-25 మూడేళ్ల బ్లాకుకు ఇచ్చిన జీవోలో కనిష్ఠం 45,000 రూపాయలు, గరిష్ఠం హైదరాబాద్‌లోని ఎంజీఐటీ కాలేజీకి 1,60,000. సీవీఆర్‌కు 1,50,000. బ్లాకు ముగిశాక కొత్త ఫీజులపై వివాదం తెగక 2025-26కు పాత ఫీజులనే కొనసాగించారు. ఫీజుల మీద కోర్టు కేసులు నడవడం ఇక్కడ కొత్తేమీ కాదు. సీటు అలాట్‌మెంట్ ఆర్డర్‌లోనో, కాలేజీ తీసుకునే అండర్‌టేకింగ్‌లోనో "కోర్టు తుది తీర్పుకు లోబడి" అన్న మాట ఉంటే, తర్వాత తేడా కట్టాల్సి రావచ్చని అర్థం. సంతకం చేసేముందు ఆ ఒక్క వాక్యం చదవండి.

ఫీజు ఎక్కువ అంటే చదువు బాగుంటుందనే నమ్మకం బలంగా ఉంది. కమిటీ ఫీజు కట్టేది కాలేజీ చూపించిన ఆడిట్ లెక్కల మీద. జీతాలకు, భవనాలకు, నిర్వహణకు ఎంత ఖర్చయింది, ఎంతమంది విద్యార్థులు ఉన్నారు అన్నది చూస్తారు. జీతాలు సరిగా ఇచ్చే పాత కాలేజీకి ఫీజు ఎక్కువ రావడం సహజమే. కాగితాల్లో ఖర్చు బాగా చూపించిన కాలేజీకీ వస్తుంది. అంకెను చూసి ఈ రెండింటినీ విడదీయలేం.

రీయింబర్స్‌మెంట్ తర్వాత మిగిలేది

మీరు కట్టేది ఫీజు గడిలోని అంకె నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ పోగా మిగిలింది. ప్రస్తుత నిబంధనల ప్రకారం కన్వీనర్ కోటాలో (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే సీట్లలో) చేరిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు తల్లిదండ్రుల వార్షికాదాయం 2 లక్షలలోపు ఉంటే పూర్తి ట్యూషన్ ఫీజు ప్రభుత్వం ఇస్తుంది. బీసీ, ఈబీసీలకు (ఇతర కులాల్లో ఆర్థికంగా వెనకబడినవారికి) ఆదాయ పరిమితి గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. వీరికి ఈఏపీసెట్‌లో 10,000లోపు ర్యాంకు ఉంటే పూర్తి ఫీజు వస్తుంది. దాటితే గరిష్ఠంగా 35,000.

ఈ 10,000 గీత దగ్గర ఏం జరుగుతుందో చూడండి. ఇద్దరు బీసీ విద్యార్థులు, ఇద్దరికీ ఆదాయ సర్టిఫికెట్ ఉంది. ఒకరి ర్యాంకు 9,990, మరొకరిది 10,010. ఇద్దరూ 1,60,000 ఫీజున్న కాలేజీలో పక్కపక్క బెంచీల్లో కూర్చుంటారు. మొదటివారి ట్యూషన్ ఫీజు సున్నా. రెండోవారు ఏటా 1,25,000 సొంతంగా కట్టాలి, నాలుగేళ్లకు 5,00,000. ఇరవై ర్యాంకుల తేడా విలువ ఐదు లక్షలు. రాష్ట్రంలో ఇంకెక్కడా ర్యాంకుకు ఇంత ఖరీదు లేదు. అదే 45,000 ఫీజున్న కాలేజీలో రెండోవారు కట్టేది ఏటా 10,000 మాత్రమే.

కాబట్టి గీతకు ఇవతల, అంటే 10,000లోపు ఉన్న అర్హులకు, ఎస్సీ, ఎస్టీ అర్హులకు ఫీజు గడి పోలికలో లేనట్టే. వాళ్లు ర్యాంకుకు వచ్చే అత్యుత్తమ కాలేజీ, బ్రాంచి రాసుకుని హాస్టల్ ఖర్చు ఒక్కటి చూసుకుంటే చాలు. తక్కువ ఫీజని చిన్న కాలేజీ ఎంచుకుంటే వాళ్లకు మిగిలేదేమీ ఉండదు. గీతకు అవతల ఉన్న బీసీ, ఈబీసీలకు ఫీజు గడే అసలు గడి. ఆదాయ పరిమితి దాటిన కుటుంబాలకు మొత్తం ఫీజు సొంతమే కాబట్టి వాళ్ల లెక్క ఇంకో రకం.

ఇక్కడ తప్పులు ఎక్కువగా కాగితాల దగ్గర జరుగుతాయి. ఆదాయ సర్టిఫికెట్ పాతదైతే, లేదా వెరిఫికేషన్ రోజు చూపించకపోతే, అలాట్‌మెంట్ ఆర్డర్‌లో మొత్తం ఫీజు కట్టాలని వస్తుంది. మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దార్ సంతకం అయ్యేదాకా రోజులు పడుతుంది, కౌన్సెలింగ్ సీజన్‌లో ఇంకా ఎక్కువ. ఫలితాలు రాకముందే తీసి పెట్టుకోవాల్సిన కాగితం ఇది. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ కూడా అంతే, ఆ ఏడాదిదే చెల్లుతుంది. చేరాక ఈ-పాస్ (ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్)లో ఏటా రెన్యువల్ చేసుకోవాలి, 75 శాతం హాజరు ఉండాలి. ప్రభుత్వం నుంచి డబ్బు కాలేజీలకు సమయానికి రాదన్నది అందరికీ తెలిసిందే. బకాయిలు పేరుకుపోయినప్పుడు కోర్సు పూర్తయిన విద్యార్థిని డబ్బు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లమనే కాలేజీలు ఉన్నాయి. చేరే కాలేజీలో ఈ విషయంలో ఏం చేస్తారో చివరి ఏడాది విద్యార్థుల్ని అడిగితే పది నిమిషాల్లో తేలిపోతుంది.

నాలుగేళ్ల ఖర్చు వేసుకోవడం

ట్యూషన్ ఫీజు ఒక్కటీ పోల్చితే లెక్క సగమే. ఒక ఉదాహరణ వేద్దాం. ర్యాంకు 14,000, బీసీ, గ్రామీణ కుటుంబం, ఆదాయం పరిమితిలోపు.

మొదటి దారి, హైదరాబాద్‌లో 1,60,000 ఫీజున్న కాలేజీ. రీయింబర్స్‌మెంట్ 35,000 పోగా 1,25,000. హాస్టల్ నెలకు 7,000 చొప్పున పది నెలలకు 70,000. పరీక్ష ఫీజులు, పుస్తకాలు, ప్రయాణాలు అన్నీ కలిపి 10,000. ఏడాదికి 2,05,000, నాలుగేళ్లకు 8,20,000.

రెండో దారి, ఇంటి నుంచి వెళ్లి రాగలిగే జిల్లా కేంద్రంలో 75,000 ఫీజున్న కాలేజీ. రీయింబర్స్‌మెంట్ పోగా 40,000. కాలేజీ బస్సు 25,000, ఇతర ఖర్చులు 10,000. ఏడాదికి 75,000, నాలుగేళ్లకు 3,00,000.

తేడా 5,20,000. ఇది అప్పు చేస్తే 10 శాతం వడ్డీకి, ఏడేళ్ల గడువుకు నెలకు దాదాపు 8,600 ఈఎంఐ. చదువుకుంటున్న కాలంలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న స్పష్టంగా ఉంది: మొదటి కాలేజీలో ఆ బ్రాంచి చదివితే వచ్చే ఉద్యోగానికీ రెండోచోట వచ్చేదానికీ నెలకు ఆ మాత్రం తేడా ఉంటుందా? కొన్ని కాలేజీల విషయంలో ఉంటుంది, నిస్సందేహంగా. చాలావాటి విషయంలో ఉండదు.

హాస్టల్, బస్సు అంకెలు మీ ఊరివి వేసుకోండి. ఒకే నగరంలోనూ ఇవి బాగా మారతాయి. కూకట్‌పల్లిలోని జేఎన్‌టీయూ క్యాంపస్‌కు మెట్రో స్టేషన్ పక్కనే ఉంది. గండిపేటలో ఉన్న సీబీఐటీ, ఎంజీఐటీలకు, ఇబ్రహీంపట్నం వైపు ఉన్న సీవీఆర్‌కు నగరం అవతలి కొస నుంచి రావాలంటే కాలేజీ బస్సు తప్పదు, రోజుకు మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి. అమ్మాయిలకు ఒక వెసులుబాటు ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆర్టీసీ బస్సు కాలేజీ గేటు దాకా వెళ్తుంటే పై లెక్కలోని 25,000 సున్నా అవుతుంది, నాలుగేళ్లలో లక్ష మిగిలినట్టు. అయితే కొన్ని కాలేజీలు బస్సు ఫీజును అడ్మిషన్‌తో పాటే అంటగడతాయి. బస్సు ఐచ్ఛికమేనా అని ముందే అడగండి.

డిటెన్షన్ (హాజరు చాలక సెమిస్టర్ ఆగిపోవడం) ఖర్చును ఎవరూ లెక్కలో వేయరు. జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలో హాజరు 75 శాతం కావాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే కారణం చూపి కండోనేషన్ ఫీజు (తగ్గిన హాజరును మన్నించడానికి తీసుకునే రుసుము) కట్టాలి, 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఏడాది పోతే హాస్టల్ ఖర్చు మళ్లీ మొదలు, రీయింబర్స్‌మెంట్ కూడా చిక్కుల్లో పడుతుంది.

యూనివర్సిటీ కాలేజీలు

ఆదాయ పరిమితి దాటిన మధ్యతరగతికి అన్నిటికంటే లాభసాటి దారి ఇదే. హైదరాబాద్‌లోని జేఎన్‌టీయూ, ఉస్మానియా క్యాంపస్ కాలేజీల్లో రెగ్యులర్ కోర్సు ఫీజు పేరున్న ప్రైవేటు కాలేజీల కంటే చాలా తక్కువ. సీఎస్‌ఈ అయితే ఓపెన్ కేటగిరీలో తొలి రెండు మూడు వేల ర్యాంకుల్లోనే నిండిపోతుంది. ఈఈఈ (ఎలక్ట్రికల్), మెకానికల్, సివిల్‌కు మాత్రం చాలా దూరం వెళ్తుంది. ఒక జాగ్రత్త: అదే క్యాంపస్‌లో సెల్ఫ్ ఫైనాన్స్ పద్ధతిలో నడిచే బ్రాంచిలు ఉంటాయి, వాటి ఫీజు రెగ్యులర్ కంటే బాగా ఎక్కువ. కాలేజీ పేరు ఒకటే కనిపిస్తుంది కాబట్టి ఫీజు గడి చూడకుండా ఆప్షన్ పెట్టినవాళ్లు అలాట్‌మెంట్ ఆర్డర్ చూసి ఉలిక్కిపడతారు.

జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్, సిరిసిల్ల, వనపర్తి, పాలేరు, మహబూబాబాద్‌లలోని జేఎన్‌టీయూ కాలేజీలను చాలామంది చిన్నచూపు చూస్తారు. ఫీజు తక్కువ, డిగ్రీ నేరుగా యూనివర్సిటీ కాలేజీది. లోటు ఉన్నది క్యాంపస్‌కు వచ్చే కంపెనీల సంఖ్యలో, కొన్నిచోట్ల అధ్యాపకుల ఖాళీల్లో. ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాయాలనుకునేవారికి, ప్రభుత్వ ఉద్యోగాల వైపు చూసేవారికి, సొంతంగా చదువుకోగలవారికి ఇవి మంచి బేరం. క్యాంపస్ ప్లేస్‌మెంట్ మీదే ఆశ పెట్టుకున్నవారికి కాదు.

జాతీయ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ కూడా రాసినవారు కేంద్ర సంస్థ అయిన వరంగల్ నిట్‌ను ఈ పోలికలో చేర్చాలి. అక్కడ సగం సీట్లు సొంత రాష్ట్ర కోటాలో ఉంటాయి. ట్యూషన్ ఫీజు సెమిస్టర్‌కు 62,500. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు ఆ ఫీజు లేదు. కుటుంబ ఆదాయం లక్షలోపు ఉంటే పూర్తి మినహాయింపు, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు తగ్గింపు. 5 లక్షలలోపు ఆదాయమున్న ఇంటికి అంటే ఏటా 42,000 కంటే తక్కువే. రాష్ట్ర రీయింబర్స్‌మెంట్ 2 లక్షల దగ్గర ఆగిపోతే ఇక్కడ గీత 5 లక్షల దాకా ఉండడం గమనించండి.

కాలేజీయా, బ్రాంచియా

కౌన్సెలింగ్ సెంటర్ల ముందు ఎక్కువ వాదన జరిగేది దీని మీదే. పెద్ద కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వస్తోంది, మధ్యరకం కాలేజీలో సీఎస్‌ఈ వస్తోంది, ఏది? ఒకే ప్రైవేటు కాలేజీలో అన్ని బ్రాంచిలకూ ఫీజు ఒకటే కాబట్టి ఈ ప్రశ్నలో డబ్బు తేడా కాలేజీల మధ్యే ఉంటుంది. పెద్ద కాలేజీలకు వచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలావరకు ఈసీఈ వారిని కూడా పరీక్షకు అనుమతిస్తాయి. కాబట్టి నాలుగేళ్ల ఖర్చు దాదాపు సమానమైతే మా ఓటు పెద్ద కాలేజీలో ఈసీఈకే. తేడా మూడు నాలుగు లక్షలు దాటితే, విద్యార్థికి కోడింగ్ మీద నిజంగా ఆసక్తి ఉంటే, మధ్యరకం కాలేజీలో సీఎస్‌ఈ తప్పేమీ కాదు.

సీఎస్‌ఎం, సీఎస్‌డీ, సీఎస్‌సీ అని కనిపించే ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ బ్రాంచిల చివరి ర్యాంకు అదే కాలేజీ సీఎస్‌ఈ కంటే కొంచెం వెనక ఉంటుంది. సిలబస్‌లో ఎక్కువ భాగం ఒకటే. అయితే ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు కాలేజీ మొత్తానికి కాదు, బ్రాంచికి ఇస్తారు, అదీ రెండు బ్యాచ్‌లు బయటికి వెళ్లాకే. కాలేజీ బ్రోచర్ మీద ఎన్‌బీఏ ముద్ర ఉందని కొత్త బ్రాంచికీ ఉన్నట్టు కాదు. ఏ బ్రాంచికి, ఏ సంవత్సరం వరకు ఉందో ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లోనే చూడొచ్చు.

ప్లేస్‌మెంట్ల బ్రోచర్ చదివేటప్పుడు పెద్ద అక్షరాల్లో ఉన్న గరిష్ఠ ప్యాకేజీని వదిలేయండి. అది ఒక్కరిది. అడగాల్సినవి రెండు: మధ్యలో ఉన్న విద్యార్థికి ఎంత వచ్చింది, ఆఫర్లు ఎన్ని కాకుండా ఉద్యోగం వచ్చిన విద్యార్థులు ఎంతమంది. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే బ్రోచర్‌లో మూడుగా లెక్క పడుతుంది.

మేనేజ్‌మెంట్ కోటా, ప్రైవేటు యూనివర్సిటీలు

ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఈ 30లో సగం ఎన్ఆర్ఐలకు. డొనేషన్ తీసుకోవడం 1983 నాటి చట్టం ప్రకారం నేరం. అయినా సీఎస్‌ఈకి లక్షల్లో అడుగుతారన్నది బహిరంగ రహస్యం. రసీదు లేని డబ్బు తిరిగి రాదు, ఈ కోటాలో రీయింబర్స్‌మెంట్ లేదు. కన్వీనర్ సీట్ల భర్తీ మొదలవకముందే "సీట్లు అయిపోతున్నాయి, అడ్వాన్స్ కట్టండి" అని ఫోన్ చేసేవారికి దూరంగా ఉండండి. మొదటి విడత అలాట్‌మెంట్ చూశాక ఆ సీటు మీకు డొనేషన్ లేకుండానే రావచ్చు.

ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీల ఫీజులు నియంత్రణ కమిటీ పరిధిలోకి రావు. వాటి సొంత కోటా సీట్లకు రీయింబర్స్‌మెంట్ వర్తించదు, కొన్నిచోట్ల ఫీజు ఏటా పెరుగుతుంది. మొదటి ఏడాది ఫీజును నాలుగుతో గుణించి లెక్క వేస్తే తప్పుతుంది. ఏడాదివారీ ఫీజు పట్టిక రాతపూర్వకంగా తీసుకోండి. ర్యాంకును బట్టి ఇచ్చే స్కాలర్‌షిప్ నిలవాలంటే ఎంత సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల సగటు గ్రేడు) ఉండాలో కూడా అందులో ఉండాలి.

అప్పు తీసుకునేవారికి ఒక ముక్క. 7.5 లక్షల వరకు విద్యారుణానికి తనఖా అడగకూడదు. కుటుంబ ఆదాయం 4.5 లక్షలలోపు ఉంటే, న్యాక్ (కాలేజీ మొత్తానికి ఇచ్చే గుర్తింపు) లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉన్నచోట, కోర్సు కాలానికీ ఆ తర్వాత ఏడాదికీ వడ్డీ కేంద్రం భరించే పథకం ఉంది. గుర్తింపు లేని కాలేజీలో చేరితే ఇది పోతుంది.

వెబ్ ఆప్షన్లు

లెక్కలన్నీ అయ్యాక వరుస పెట్టడమే మిగిలింది. కంప్యూటర్ మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు మీ జాబితాను పైనుంచి చూసుకుంటూ వస్తుంది, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇచ్చేస్తుంది. పైన పెద్ద కాలేజీలు రాస్తే కింద ఉన్నవి పోతాయన్నది ఉత్త భయం. అలా జరగదు. కచ్చితంగా వచ్చే కాలేజీని మొదట రాసినవారే నష్టపోతారు, అది వచ్చాక కంప్యూటర్ కిందికి చూడదు. ఆప్షన్ల సంఖ్యకు పరిమితి లేదు కాబట్టి చివరి ర్యాంకు మీ ర్యాంకు కంటే బాగా వెనక ఉన్నవి కూడా ఓ ఇరవై చేర్చండి. ఒక్కో ఆప్షన్ పక్కన మీరు వేసుకున్న నాలుగేళ్ల ఖర్చు పెన్సిల్‌తో రాసి, "ఇది వస్తే చేరతామా" అని అడిగి, చేరం అన్నదాన్ని కొట్టేయండి.

రెండో విడతలో వరుస మార్చే పద్ధతి వేరు. మొదటి విడతలో సీటు వచ్చి, రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు ఇచ్చి, అందులో ఏదో ఒకటి వస్తే పాత సీటు దానంతటదే రద్దయి ఇంకొకరికి పోతుంది. కాబట్టి చేతిలో ఉన్నదానికంటే మెరుగైనవే రాయాలి. ఖర్చు లెక్కలో వెనకబడ్డ కాలేజీని ఈ దశలో అలవాటుగా చేర్చేసి, ఉన్న సీటు పోగొట్టుకోవడం ఏటా జరిగే పొరపాటు. గడువులోగా ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోయినా సీటు పోతుంది.

చివరి విడత తర్వాత ఇంటర్నల్ స్లైడింగ్‌లో అదే కాలేజీలో బ్రాంచి మారే అవకాశం ఉంటుంది. కన్వీనర్ నిర్వహించే స్లైడింగ్‌లో మారితే రీయింబర్స్‌మెంట్ నిలుస్తుంది. ఆ తర్వాత మిగిలిన సీట్లకు జరిగే స్పాట్ అడ్మిషన్లలో చేరితే రాదు. స్పాట్‌లో సీఎస్‌ఈ దొరికిందని సంతోషపడే బీసీ, ఈబీసీ కుటుంబం ఏటా 35,000 చొప్పున 1,40,000 వదులుకున్నట్టు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థి అయితే మొత్తం ఫీజూ సొంత జేబులోంచే కట్టాలి.